పేరు ఒకరిది, పనితనం మరొకరిది – సైకిలు వీరుడు ఫౌస్తో కొప్పి జీవితం

మన సంఘం ప్రత్యేక సంచికకు ఒక ప్రసిద్ధ వ్యక్తి జీవితాన్ని గురించి రాయవలసిందిగా కార్యదర్శిగారు కోరారు. దేశ నాయకులను గురించి, కవులను గురించి, శాస్త్రవేత్తలను గురించి రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. నేను ముప్పై ఏళ్ళకు పైగా బ్రేజింగ్ షాపులోను, ఆ తరువాత ఇన్‌స్పెక్షన్‌లోను పనిచేసి బయటికి వచ్చినవాణ్ణి. అతుకు చూసి అది ఎవరి చేతి పనో చెప్పడం ఒక్కటే నాకు వచ్చిన విద్య. అందుచేత ఆ విద్యతో ముడిపడిన జీవితాన్నే ఎంచుకున్నాను. ఆయన ఇటలీ దేశపు సైకిలు పందెగాడు ఫౌస్తో కొప్పి. 1960లో చనిపోయాడు. మన వైపు ఆయన పేరు అంతగా వినపడకపోవచ్చు గాని, హాకీలో మనకు ధ్యాన్‌చంద్ ఎంతో సైకిలు పందాలలో ఇటలీవారికి కొప్పి అంత. విజేతలందరికీ విజేత అనే అర్థం వచ్చే బిరుదుతో వారు ఆయనను పిలుచుకుంటారు.

ఆయన జీవితం నా దాకా ఒక పాత ఫ్రేము ద్వారా వచ్చింది. మా తమ్ముడి మనవడు ఇటలీలో పై చదువు చదువుతున్నాడు. అక్కడి పాత సామాన్ల సంతలో ఒక రేసు సైకిలు ఫ్రేము కొని, దాన్ని ఎవరు తయారుచేశారో చెప్పమని ఫోటోలు పంపాడు. గొట్టం మీద వెలిసిపోయిన అక్షరాలలో ఫౌస్తో కొప్పి అని ఉంది. వెనక చక్రం ఇరుసు కూర్చునే గంట్ల దగ్గర కంపన్యోలో అని చెక్కి ఉంది. తనకు అమ్మిన మనిషి మాత్రం బియాంకీ కంపెనీ ఫ్రేమని చెప్పాడట. ఒకే వస్తువుకు మూడు పేర్లు. ఇందులో ఏది నిజమో తేలాలంటే ముందు కొప్పి ఎవరో, ఏయే సంవత్సరాలలో ఏ బండి తొక్కాడో తెలియాలి. అలా మొదలుపెట్టి ఆయన చరిత్ర అంతా చదివాను.

కసాయి కొట్టు కుర్రవాడు

కొప్పి 1919 సెప్టెంబరు 15న ఉత్తర ఇటలీలోని పియెమోంటే ప్రాంతంలో, కాస్తెల్లానియా అనే చిన్న కొండపల్లెలో పుట్టాడు. తల్లిదండ్రులు వ్యవసాయదారులు. అయిదుగురు పిల్లల్లో నాలుగోవాడు. చిన్నప్పుడు తరచు జబ్బు పడే బక్కపిల్లవాడు, చదువు మీద ధ్యాస తక్కువ. పదమూడో ఏట బడి మానేసి నోవి లిగూరె అనే పట్నంలో ఒక కసాయి కొట్టులో పనికి కుదిరాడు. ఇళ్ళకు మాంసం పొట్లాలు సైకిలు మీద చేరవేయడం అతని పని. కాళ్ళకు బలం అక్కడే వచ్చింది.

ఓడల్లో పనిచేసే బాబాయి ఒకాయన ఉండేవాడు. ఆయన పేరు కూడా ఫౌస్తో కొప్పే. ఆయన, తండ్రి కలిసి మంచి సైకిలు కొనుక్కోమని 600 లీరాలు ఇచ్చారు. కుర్రవాడు జెనోవా నగరానికి వెళ్ళి, ఒంటి కొలతలకు సరిపోయే ఫ్రేము చేసిపెట్టమని ఒక పనివాడికి 520 లీరాలకు పని ఒప్పజెప్పాడు. వారం వారం వెళ్ళి అడగడం, ఇంకా కాలేదనిపించుకుని తిరిగి రావడం. ఎనిమిది వారాలు గడిచాక ఆ పనివాడు కొలతల మాటే మరిచి, కొట్టులో వేలాడుతున్న తయారు ఫ్రేమును తీసి చేతిలో పెట్టాడు. లోపల కోపం మండిపోతున్నా బిడియం కొద్దీ ఏమీ అనలేక తెచ్చుకున్నానని కొప్పి పెద్దయ్యాక చెప్పుకున్నాడు. చేసినవాడు తన పని అని చెప్పినంత మాత్రాన అది అతని పని కాదన్న సంగతి పిల్లవాడికి ఆ వయసులోనే తెలిసింది.

పదిహేనో ఏట మొదటి పందెం గెలిచి 20 లీరాలు, సలామీ ముక్కలు పెట్టిన రొట్టె బహుమతిగా తెచ్చుకున్నాడు. ఆ రోజులలో నోవి లిగూరెలో బియాజియో కవాన్నా అనే మర్దనా నిపుణుడు ఉండేవాడు. ఆయనకు చూపు పోయింది. అయినా పందెగాళ్ళ కాళ్ళు, వీపు చేతులతో తడిమి, ఎవరిలో ఎంత సత్తా ఉందో చెప్పగలిగేవాడు. అంతకు ముందు జిరార్‌దెంగో వంటి మహా వీరులకు సేవ చేసిన చేతులవి. ఆయన కొప్పిని చేరదీసి తిండి, నిద్ర, సాధన అన్నీ నేర్పాడు. మన షాపులో పాత మేస్త్రీలు కళ్ళు మూసుకుని వేలితో తడిమి అతుకులో లోపం పట్టుకోవడం చూసినవారికి కవాన్నా సంగతి వింతగా తోచదు.

ఇరవై ఏళ్ళకే శిఖరం, వెంటనే యుద్ధం

1940లో కొప్పి లెన్యానో కంపెనీ జట్టులో చేరాడు. ఆ జట్టుకు నాయకుడు జీనో బర్తాలి, అప్పటికే పేరుమోసిన వీరుడు. కొప్పి ఉద్యోగం నాయకుడికి గాలి అడ్డుకోవడం, నీళ్ళు అందించడం, అవసరమైతే తన చక్రం విప్పి ఇవ్వడం. ఇటలీ దేశమంతా చుట్టివచ్చే జీరో ద ఇతాలియా పందెం రెండో రోజున బర్తాలి సైకిలుకు ఒక కుక్క అడ్డం వచ్చి, ఆయన పడి దెబ్బలు తగిలించుకున్నాడు. పందెం ముందుకు సాగిన కొద్దీ సహాయకుడు ముందుకు వచ్చాడు. జూన్ 9న మిలాన్‌లో పందెం ముగిసేసరికి కొప్పి విజేత. వయసు 20 ఏళ్ళు. అంత చిన్న వయసులో ఆ పందెం గెలిచినవారు వేరొకరు లేరు. మరునాడే, జూన్ 10న, ఇటలీ రెండో ప్రపంచ యుద్ధంలో దిగింది.

1942 నవంబరు 7న మిలాన్‌లోని విగొరెల్లి చెక్క ట్రాక్ మీద కొప్పి ఒంటరిగా ఒక గంట సేపు సైకిలు తొక్కాడు. అంతకు రెండు వారాల ముందే ఆ నగరం మీద బాంబులు పడ్డాయి. ఆ గంటలో వెళ్ళిన దూరం 45.798 కిలోమీటర్లు. 1937 నాటి రికార్డును దాటింది కేవలం 31 మీటర్లతో. ఆ 31 మీటర్లు 1956లో ఫ్రాన్సు వీరుడు ఆంక్తిల్ వచ్చేదాకా నిలిచాయి. 1943లో సైన్యం ఆయనను ఉత్తర ఆఫ్రికాకు పంపింది. అక్కడ ట్యునీసియాలో బ్రిటిషువారికి యుద్ధ ఖైదీగా చిక్కి, 1945 దాకా చెరలో గడిపాడు. ఆటగాడి ఒంటికి మంచి సంవత్సరాలు ఏవో అవే అలా పోయాయి.

నీలి ఆకుపచ్చ బండి

యుద్ధం అయ్యాక ఆయన బియాంకీ జట్టుకు మారాడు. ఎదోవార్దో బియాంకీ అనే ఆయన 1885లో మిలాన్‌లో ఒక చిన్న కొట్టుగా పెట్టిన కంపెనీ అది. ఆకాశపు నీలంలో కాస్త ఆకుపచ్చ కలిపినట్టుండే రంగు వారి గుర్తు. 1946 మార్చి 19న మిలాన్ – సాన్ రేమో పందెంలో ఆ బండి మీద కొప్పి రెండోవాడి కంటే 14 నిమిషాలు ముందు గమ్యం చేరాడు. యుద్ధంలో చితికిపోయిన దేశానికి ఆ రోజు పండుగ.

జీరో పందెం ఆయన 1940, 1947, 1949, 1952, 1953లలో మొత్తం అయిదు సార్లు గెలిచాడు. ఫ్రాన్సు దేశం చుట్టివచ్చే టూర్ ద ఫ్రాన్స్ 1949లోను, 1952లోను గెలిచాడు. ఒకే ఏడాదిలో ఈ రెండు పందాలూ గెలిచిన మొదటి మనిషి ఆయనే. 1949 జూన్ 10న కూనియో నుంచి పినెరోలో దాకా 254 కిలోమీటర్ల దూరం, దారిలో అయిదు కొండ కనుమలు. మొదటి కనుమ దగ్గరే అందరినీ విడిచి, 192 కిలోమీటర్లు ఒంటరిగా తొక్కి, బర్తాలి కంటే దాదాపు 12 నిమిషాలు ముందు వచ్చాడు. 1952 టూర్‌లో రెండోవాడికి, ఆయనకు మధ్య తేడా 28 నిమిషాలు. 1953లో స్విట్జర్లాండులోని లుగానోలో ప్రపంచ విజేత అయ్యాడు.

ఈ విజయాల వెనక పత్రికలకు ఎక్కని చేతులు చాలా ఉన్నాయి. బండి బాగోగులు చూసిన మెకానిక్ పినెల్లా దె గ్రాందీ, కాళ్ళు చూసిన కవాన్నా, తోటి పందెగాళ్ళు ఎత్తోరె మిలానో, సాంద్రినో కర్రెయా. కర్రెయా జర్మనీలోని బూఖెన్‌వాల్డ్ నిర్బంధ శిబిరం నుంచి ప్రాణాలతో బయటపడిన మనిషి. 1952 టూర్‌లో ఒకరోజు ముందు వెళ్ళినవారిపై ఒక కన్ను వేసి ఉంచడానికి వారి వెంట వెళ్ళి, లెక్క చూస్తే తానే అందరికంటే ముందున్నాడని తేలింది. నాయకుడు వేసుకోవలసిన పసుపు బనీను తనకు తొడుగుతుంటే, కొప్పి ఏమనుకుంటాడోనని ఏడ్చాడు. కొప్పి ఆయనను మనసారా అభినందించాడు. మరునాడే ఆల్ప్ దుయెజ్ కొండ మీద గెలిచి ఆ బనీను తాను వేసుకున్నాడు. తమ్ముడు సేర్సె కూడా అదే జట్టులో తొక్కేవాడు. 1951లో తూరినోలో ఒక పందెం చివర కిందపడి తలకు దెబ్బ తగిలి ఆ రోజే చనిపోయాడు. అన్నదమ్ములు ఒకరికొకరు ప్రాణం. ఆ దెబ్బ నుంచి కొప్పి పూర్తిగా కోలుకోలేదంటారు.

ఫ్రేము ఏం చెప్పింది

ఇక మా మనవడి ఫ్రేము దగ్గరకు వస్తాను. ఇటువంటి పాత వస్తువు దగ్గర మొదట చేయవలసిన పని రంగును, అంటించిన పేర్లను నమ్మకపోవడం. రంగు ఎవరైనా వేస్తారు. ఆ కాలంలో పెద్ద పందెగాళ్ళు తమకు నచ్చిన పనివాడి దగ్గర ఫ్రేము చేయించుకుని, దాని మీద జీతమిచ్చే కంపెనీ రంగు, పేరు వేయించుకోవడం మామూలే. విగొరెల్లి ట్రాక్ దగ్గర షాపు పెట్టుకున్న ఫలియెరో మాజీ చేసిన ఫ్రేములు అలా ఎన్నో కంపెనీల పేర్లతో పరుగెత్తాయి.

రెండో పని బండిని తలకిందులు చేసి పెడల్ ఇరుసు తిరిగే గుల్లను, అంటే బి.బి. షెల్లును చూడడం. మా వాడిచేత స్థానిక సైకిలు షాపులో కొలిపించాను. వెడల్పు 70 మిల్లీమీటర్లు, థ్రెడ్డు వ్యాసం 36 మిల్లీమీటర్లు, రెండు వైపులా కుడి థ్రెడ్డే. ఇది ఇటలీ పద్ధతి. ఇంగ్లీషు పద్ధతిలో వెడల్పు 68, చెయిను వైపు కప్పుకు ఎడమ థ్రెడ్డు ఉంటుంది. ఫ్రెంచి వారివి రెండూ కుడి థ్రెడ్లే గాని వ్యాసం 35. కనుక ఫ్రేము ఇటలీదే.

మూడోది కంపన్యోలో పేరు. ఇక్కడ చాలామంది పొరపడతారు. తుల్లియో కంపన్యోలో విచెంజా నగరంలో 1933లో పెట్టిన కంపెనీ గేర్లు, హబ్బులు, వెనక గంట్ల ముక్కలు చేసి ఇటలీలోని ఫ్రేము పనివాళ్ళందరికీ అమ్మేది. ఆ పేరు ఉన్నందువల్ల ఫ్రేము ఎవరిదో తెలియదు. కాని ఏ కాలానిదో కొంత తెలుస్తుంది. యుద్ధానికి అటూ ఇటూ వచ్చిన పాత గేరులో వెనక ఇరుసు ముందుకూ వెనక్కూ జరగాలి గనుక గంటు లోపల పళ్ళు ఉండేవి. 1950 పారిస్ – రూబే పందెం కొప్పి అటువంటి గేరుతోనే గెలిచాడు. తరువాత వచ్చిన గ్రాన్ స్పోర్ట్ గేరుకు ఆ పళ్ళతో పని లేదు. మా వాడి ఫ్రేముకు పళ్ళు లేవు, గేరు బిగించే చెవి ఉంది. అంటే 1950ల మొదటి ఏళ్ళు దాటిన పని.

నాలుగోది బియాంకీ అవునా కాదా అన్నది. బియాంకీ వారి రేసు ఫ్రేములలో హ్యాండిలు తిరిగే బాల్ కప్పులు ముందు గొట్టంలోనే కలిసిపోయి ఉండేవి. ఇందులో కప్పులు విడిగా దిగ్గొట్టినవి. కనుక అమ్మినవాడి మాట నిలవదు.

మిగిలింది గొట్టం మీది కొప్పి పేరు. 1950ల రెండో సగంలో కొప్పి తన పేరును సైకిళ్ళకు ఇచ్చాడు. 1956లో ఆయన జట్టు పేరులో కూడా కొప్పి పేరు చేరింది. ఆ బండ్లు ఆయన చేతితో చేసినవి కావు. తాను కసాయి కొట్టులో పనిచేసిన నోవి లిగూరెలోనే ఉన్న ఫియొరెల్లి సోదరుల వర్క్‌షాపులో తయారైనవి. తరువాతి కాలంలో ఆ పేరు వేరే తయారీదారుల బండ్ల మీదికీ వెళ్ళింది గనుక పేరు ఒక్కటే చాలదు. అందుచేత ఫియొరెల్లి పేరుతోనే ఉన్న అదే కాలపు ఫ్రేమును ఒక సేకరణదారుడి దగ్గర వెదికి, రెండిటినీ పక్కపక్కన పెట్టి ఫోటోలు తీయమన్నాను. లగ్గుల అంచు కోత, సీటు కింద సన్న గొట్టాల కొసలు మూసిన తీరు, నంబరు కొట్టిన చోటు, అంకెల ఆకారం నాలుగూ కలిశాయి. ఒక షాపు అలవాటు అక్కడే తెలుస్తుంది. ఇత్తడి పారిన తీరు చూస్తే, మంట ఎక్కడ నిలపాలో బాగా తెలిసిన చేయి అది. ఆ మనిషి పేరు ఫ్రేము మీద ఎక్కడా ఉండదు. మనం చేసిన పనుల మీద మన పేర్లు ఉన్నాయా?

చివరి సంవత్సరాలు

కొప్పికి 1945లో బ్రూనా అనే ఆమెతో వివాహమైంది, ఒక కూతురు. తరువాత జూలియా ఒక్కీని అనే వివాహిత ఆయన జీవితంలోకి వచ్చింది. ఆనాటి ఇటలీ చట్టంలో అది నేరం. 1954లో ఆమెను కొద్ది రోజులు జైలులో పెట్టారు. 1955లో ఇద్దరికీ శిక్ష వేసి అమలును నిలిపివేశారు. అదే ఏడాది వారికి పుట్టిన కొడుకు కాన్పు అర్జెంటీనాలో జరిగింది. నిన్నటి దాకా పూలు చల్లినవారిలో కొందరు మొహం తిప్పుకున్నారు. తప్పొప్పులు ఎంచడం నా పని కాదు. ఆ చట్టాన్ని 1968లో ఆ దేశపు రాజ్యాంగ న్యాయస్థానమే కొట్టివేసింది.

వయసు మీరినా ఆయన పందాలు మానలేదు. 1960లో పాత ప్రత్యర్థి బర్తాలి నడిపే సాన్ పెల్లెగ్రినో జట్టులో తొక్కడానికి ఒప్పుకున్నాడు. అంతలో 1959 డిసెంబరులో ఆఫ్రికాలోని అప్పర్ వోల్టా, అంటే నేటి బుర్కినా ఫాసో, పిలుపు మీద ఆంక్తిల్, జెమినియాని మొదలైన ఫ్రాన్సు వీరులతో కలిసి ఒక ప్రదర్శన పందానికి, వేటకు వెళ్ళాడు. కొప్పి, జెమినియాని ఒకే గదిలో పడుకున్నారు. గది నిండా దోమలు. ఇళ్ళకు చేరాక ఇద్దరికీ తీవ్రంగా జ్వరం వచ్చింది.

ఫ్రాన్సులో జెమినియాని రక్తం పరీక్ష చేయించారు. ప్రాణాంతకమైన మలేరియా అని తేలింది. క్వినైన్ ఇచ్చారు. స్పృహ తప్పినవాడు తేరుకున్నాడు. అక్కడి నుంచి ఇటలీకి కబురు కూడా వెళ్ళింది. అయినా కొప్పి వైద్యులు అది ఊపిరితిత్తుల జబ్బనే నమ్మి ఆ మందులే వాడారు. 1960 జనవరి 2న తొర్తోనా ఆసుపత్రిలో కొప్పి కన్నుమూశాడు. వయసు 40. అదే గదిలో, అవే దోమల మధ్య పడుకున్న జెమినియాని 2024లో 99వ ఏట పోయాడు. కొప్పికి విషం పెట్టారని చాలా ఏళ్ళ తరువాత 2002లో ఒక పుకారు పుడితే, అధికారులు విచారణ జరిపి ఆధారం లేదని తేల్చారు.

ఇక్కడ మన ఊరి సంగతి ఒకటి చెప్పకుండా ఉండలేను. మలేరియా క్రిమిని దోమ కడుపులో చూసి, ఆ జ్వరం దారిని రొనాల్డ్ రాస్ పట్టుకున్నది 1897 ఆగస్టు 20న, మన సికింద్రాబాదులోనే. ఆయన పనిచేసిన భవనం బేగంపేటలో ఉంది. అది జరిగిన 62 ఏళ్ళకు కూడా, అంతటి ప్రసిద్ధుడికి, అంతటి నాగరిక దేశంలో జబ్బు పేరు సరిగా పెట్టలేక ప్రాణం పోయింది. పైకి కనిపించిన దగ్గును చూశారు, లోపలి రక్తాన్ని చూడలేదు.

ఇన్‌స్పెక్షన్‌లో కొత్తగా చేరిన కుర్రవాళ్ళకు నేను చెబుతూ వచ్చినది ఇదే. రంగు గీకి చూడండి, గేజి పెట్టి చూడండి, తరువాతే చీటీ మీద సంతకం చేయండి అని. ఫ్రేము విషయంలో పొరబడితే ఎవరో ఒక పనివాడికి దక్కవలసిన పేరు వేరొకరికి పోతుంది. జ్వరం విషయంలో పొరబడితే మనిషే పోతాడు. మన సంఘ సభ్యులలో చాలామందిమి డెబ్బై దాటినవాళ్ళం. వానాకాలంలో చలితో జ్వరం వస్తే ఇంట్లో ఉన్న మాత్ర వేసుకుని పడుకోకుండా రక్తం పరీక్ష చేయించుకోండి. ఎక్కడికైనా ప్రయాణం చేసి వచ్చి ఉంటే ఆ సంగతి డాక్టరుగారికి ముందే చెప్పండి.

కొప్పి పుట్టిన పల్లె పేరును ఆయన శతజయంతి సంవత్సరం 2019లో కాస్తెల్లానియా కొప్పి అని మార్చారు. ఒక పల్లె తన పేరులో తన బిడ్డ పేరు కలుపుకోవడం చిన్న గౌరవం కాదు. ఆ పేరు వెనక కవాన్నా చేతులు, పినెల్లా స్పానర్లు, కర్రెయా కన్నీళ్ళు, ఫియొరెల్లి షాపులో మంట ముందు కూర్చున్న పనివాళ్ళు అందరూ ఉన్నారు. మా మనవడు ఆ ఫ్రేముకు కొత్త రంగు వేయించదలచుకోలేదు. ఉన్న అక్షరాలను అలాగే ఉంచి, నోవి లిగూరె, ఫియొరెల్లి వర్క్‌షాపు అని ఒక చీటీ రాసి సీటు గొట్టానికి కట్టాడు.